ముగింపు ముందు చదివిన నర్సింలు

నిన్న పొద్దున బైబిల్ వాక్యం చదువుకుంటుంటే ఫోన్ మోగింది. చదువుతున్న చోట వేలు పెట్టి ఎత్తాను.

సుశీలమ్మ.

"అన్నా, ఆయన లేస్తలేడు."

అంతే. ఆ లైను మీద నా వేలు ఎంతసేపు ఉండిపోయిందో తెలియదు.

మా నర్సింలు వెళ్లిపోయాడు. ఎనభై దాటాడు, నిద్రలో పోయాడు, మంచి చావే అంటున్నారు అందరూ. నాకు మాత్రం సాయంత్రానికి మళ్లీ వాదనకు వస్తాడనే ఉంది.

మన వాట్సాప్ గ్రూపులో చిన్నవాళ్లకు ఆయన రిటైర్డ్ ఇంగ్లీష్ సార్. ఆయన భార్య సుశీలమ్మ. నాకు తెలిసిన నర్సింలు అంతకు ముందటివాడు.

1960ల చివర. ఆయన యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీష్, అడిక్‌మెట్‌లో రూము. నేను క్యాంపస్ లైబ్రరీలో బైండర్ని. ఏడో తరగతి ఫెయిల్. నా చదువంతా, ఇంగ్లీషుతో సహా, చిరిగిన పుస్తకాలు కుడుతూ చదువుకున్నదే. డ్యూటీ దిగగానే తార్నాక చౌరస్తాలో చెక్కపెట్టె ఎక్కి సువార్త చెప్పేవాణ్ణి. మైకు లేదు. గొంతే.

ఆయన హిందువు. అయినా రోజూ వచ్చి, ముందు వరసలో నిలబడి అడ్డం తగిలేవాడు.

"రాసిపెట్టిందే అయితది గద, పాస్టర్ సాబ్! మరి మమ్ముల మారుమంటవేంది?"

నేను పాస్టర్ని కాను. ఆ పేరు ఆయన పెట్టిందే.

"అంతా రాసిపెడితే, జీవమూ మరణమూ రెండూ ముందర పెట్టి ఎంచుకొమ్మని దేవుడు ఎందుకంటడురా?" అని పెట్టె మీద నుంచే అరిచేవాణ్ణి.

ఆ వాదన ఆయనకు సరదా కాదని తర్వాత తెలిసింది.

ఆయన నాన్న, చిన్నాన్న ఇద్దరూ ముప్పై నిండకుండానే పోయారు. ఈ ఇంటి మగవాళ్లు ముప్పై దాటరని ఊళ్లో సోది చెప్పే ఆమె వాళ్లమ్మతో అంది. అప్పుడు నర్సింలుకు ఇరవై నాలుగు. తార్నాకలో సుశీలతో సంబంధం వచ్చింది. ఇద్దరికీ ఇష్టం. ఆయన "ఊఁ" అనడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడే నేను తప్పు చేశాను.

వాళ్ల సిలబస్‌లో ఉన్న పాత విషాద నాటకం ఒకటి బైండింగ్‌కి వచ్చింది. తన రాత నుంచి పారిపోవాలని చూసిన ఒక రాజు కథ. పేజీ నంబర్లు ఎప్పుడో చెదలు తినేశాయి. అలాంటప్పుడు ఒక్కో ఫారం, అంటే మడిచిన పేజీల కట్ట, చదివి, వరుస చూసుకుని కుట్టాలి. నేనేమో ఆ సాయంత్రం ప్రసంగాన్ని పైకి చెప్పుకుంటూ సూది దూరుస్తున్నాను. ఆ ఆవేశంలో చివరి ఫారం తెచ్చి ముందర కుట్టేశాను.

ఆ పుస్తకం నర్సింలు తీసుకెళ్లాడు. ఆ నాటకం అలాగే మొదలవుతుంది కాబోలు అనుకున్నాడు.

మూడు రోజుల తర్వాత బైండింగ్ రూముకి వచ్చి బల్ల మీద పడేశాడు.

"మొదటి పేజీలనే నాశనమైపోయిండన్నా రాజు. ఇంకెటు పోతే ఏం ఫాయిదా? నా సంగతి గూడ గంతే. నన్ను చేస్కొని ఆ పిల్ల ఆగమెందుకు గావాలె? వద్దని సుశీలకు ఉత్తరం ఏసిన."

పుస్తకం తెరిచాను. చివరి ఫారం ముందరుంది.

"ఒరేయ్, ఇది నాటకం రాసినోడు చేసింది కాదురా. నేను చేసిన."

ఆయన కళ్ల ముందే కుట్లు కోసి, వరుస పెట్టి మళ్లీ కుట్టాను.

"కూసో. ముగింపు తెల్వనట్టు సదువు."

మధ్యాహ్నమంతా నా బల్ల పక్కన, మైదా జిగురు వాసనలో చదివాడు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. నన్నెరిగినవాళ్లకు అదెంత కష్టమో తెలుసు.

ఒకచోట ఆగాడు. నీ పుట్టుక గుట్టు ఇంక తవ్వకు, ఇక్కడితో ఆగిపో అని అయినవాళ్లు రాజును బతిమాలే చోటు.

"ఆగొచ్చు గదనే..." అన్నాడు మెల్లగా. "గీడ ఆగొచ్చు. ఆయన్ని ఎవ్వలు చెయ్యి పట్టి గుంజుకపోలే."

ముగింపు మారలేదు. అదే నాశనం. కానీ ఈసారి అక్కడిదాకా రాజు ఒక్కో అడుగూ తనే వేసుకుంటూ పోవడం నర్సింలుకు కనిపించింది.

పుస్తకం నా బల్ల మీదే వదిలేసి తార్నాకకు నడిచాడు. నేను వెనకాలే.

సుశీల గేటు దగ్గరే ఉంది. ఉత్తరం అప్పటికే అందింది. ఈయన రాజు గురించీ, నా కుట్టు గురించీ గడగడా మొదలుపెట్టాడు.

"నీ రాజు సంగతి నాకెందుకు?" అంది. "ఉత్తరం సగం సదివి మడిచిన. మిగిలింది నువ్వే వచ్చి మొకం మీద చెప్తవేమోనని. ఇగ చెప్పు."

"గది చెప్ప. పెండ్లి చేస్కుందం. ముప్పై దాటుతనో లేదో మాత్రం నాకు తెల్వదు."

"నేనెన్నేండ్లుంటనో నాకు తెల్సా?"

ఎన్నో చౌరస్తాల్లో గొంతు చించుకున్నాను గానీ, అంత చిన్న ప్రసంగం నాకెప్పుడూ చేతకాలేదు.

ముప్పై నిండిన రోజు నర్సింలు భయపడలేదని అబద్ధం చెప్పను. పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి లేచి క్లాసు చెప్పడానికి వెళ్లాడు.

పోయిన నెల కలిసినప్పుడు అడిగాడు. "నువ్వు తప్పు కుట్టకుంటే ఆ ఉత్తరం రాస్తుంటినో లేదో. సరిజేసి కుట్టకుంటే మళ్ల సుశీల తానకు పోకపోతుంటి. మరి నీ చేతిల ఆ సూది నడిపిందెవరు, పాస్టర్ సాబ్?"

బైబిల్ నా ఒడిలోనే ఉంది. తెరవలేదు.

"తెల్వదురా" అన్నాను.

ఎంత మురిసిపోయాడో! "సుశీలా, గెలిచిన! చాయ్ పెట్టు!"

గెలిచావు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రోజు లేచి సుశీలమ్మ గేటు దాకా నడిచింది నీ కాళ్లేరా నర్సింలూ. ఆ ఒక్కమాట మీద ఎవరొచ్చినా నేను వాదిస్తాను.

ఇక విశ్రాంతి తీసుకో, తమ్ముడూ. నీకూ, ఖాళీ ఇంట్లో కూర్చున్న మా సుశీలమ్మకూ ఆ ప్రభువు నెమ్మదినిచ్చుగాక.