కాగితంలో లేని పని

నోటిమాటను నమ్మొద్దని, ఏదైనా కాగితం మీద రాసుకోవాలని కరపత్రాలు చదివి ఊరంతా వాదించినవాణ్ణి నేనే. మా భావనపాడులో వాటాలంటే ఇంతకాలం పడవ ముక్కు మీద చెయ్యివేసి చెప్పుకునే మాట. అది చాలదని పోట్లాడి, ఈ ఉదయం మా బావను శ్రీకాకుళం తీసుకెళ్లి స్టాంపు కాగితం రాయించాను. పడవ ఇద్దరిదీ, ఎవరి వల వారిది, ఎవరి వల బాగుచేత వారిదే అని దస్తావేజు లేఖరి రాశాడు. నేను గర్వంగా సంతకం పెట్టాను.

బావ వేలిముద్ర వేసి, "ఒరే, రేపు నీ వల సిరిగితే కుట్టేటప్పుడు నాను కొస పట్టుకోవచ్చా, కూడదా? అందులో ఏటి రాసినాడో సూసి సెప్పు," అన్నాడు.

"చట్టమంటే ఎగతాళా బావా?" అని కసిరాను.

"ఎగతాళి కాదురా, బయమేస్తంది."

సాయంత్రం ఇసుకలో వల పరిచాను. చిరుగు కుట్టాలంటే అవతలి కొస ఒకరు బిగించి పట్టాలి. పదేళ్లుగా ఆ చెయ్యి బావదే. ఇవాళ అతను కాస్త దూరంలో, తన వల కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని ఒక్కడే కుట్టుకుంటున్నాడు. పిలుద్దామంటే నా సంతకమే అడ్డొచ్చింది. నా కొసను గుంజకు కట్టాను. గుంజ బాగానే పట్టింది, కబుర్లే చెప్పలేదు.

మీరైతే పిలిచేవారా?