కల్లంలో ఏరిన తిట్లు

ఉద్యోగం పర్మినెంట్ అయింది! ఇందాకే మేడమ్ పిలిచి కాగితం చేతిలో పెట్టారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. నీడపట్టున కుర్చీలో కూర్చుని పనిచేసేదాన్నీ నేనే మొదలు. ఆఫీసు మెట్ల మీద నిలబడే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ "తిన్నావా?" అంది. లేదన్నాను. "ఉద్యోగమొచ్చినదానివి, పొద్దెక్కినా తినాలని తెలీదంటే, ఏంది నీ చదువు?" అని కసిరి, పక్కింటివాళ్ళకు చెప్పడానికి ఫోన్ పెట్టేసింది.

పోయిన నెల ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. అప్పటికి నేను చేసిన పనికి పల్నాడు సగం మండిపడుతోంది. నా పేరు వాళ్ళకు తెలియదు కాబట్టి బతికిపోయాను.

మా ఆఫీసు నరసరావుపేటలో విత్తనాల కొట్టు మీద ఒక గది. ఐదుగురం. చేసిందల్లా ఒక చిన్న ఎక్స్‌టెన్షన్. బ్రౌజర్‌కి తగిలించుకుంటే, తెరమీద కనబడే బూతుల్నీ తిట్లనీ తీసేసి ఆ చోట మంచి మాటలు పెడుతుంది. ఆలోచన మేడమ్‌ది. ఆవిడ ఈ ప్రాంతం మనిషి కాదు. నేను ట్రైనీగా చేరిన వారానికే పిలిచి, "ఇక్కడి తిట్లు నీకు బాగా తెలుసు కదా, లిస్టు నువ్వే రాయి" అన్నారు. ఆ పని బాగా చేస్తే ఉంచుకుంటాం, లేదంటే ట్రైనింగ్ అయ్యాక ఇంటికే అన్నది అందరికీ తెలిసిన సంగతే.

నాకు తెలిసినవి ఎన్ని? అసలు గని మా నానమ్మ. మాది వెల్దుర్తి దగ్గర ఊరు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుని పాడే మనిషి, గేటు దాటగానే ఎదురొచ్చిన మేకను కూడా ఏడు తరాలకు తిడుతుంది. నోట్‌బుక్ పట్టుకుని ఎదురుగా కూర్చుంటే మురిసిపోయింది.

"రాసుకోయే, రాసుకో. దొంగముండ. కోతిమొహంది. సచ్చినోడు. ఇవన్నీ చిన్నయ్యే, పెద్దయి ఇంకా రాలేదు."

రెండు మధ్యాహ్నాలు చెప్పింది. ఆఫీసుకొచ్చి వాటిని కంప్యూటర్‌లో కొడుతుంటే నాకు సిగ్గేసింది. పక్క కుర్చీలవాళ్ళు చూస్తారేమోనని ఫాంట్ చిన్నది చేశాను. చిన్నప్పుడు నన్ను ఒళ్ళో వేసుకుని అన్న మాటలే అవి. అయినా ఒక్కదాన్ని కూడా వదలకుండా అన్నింటినీ ఒకే వరసలో, చెడ్డమాటల కింద పెట్టేశాను. వాటికి బదులు మాటలూ నేనే వెతికాను. దొంగముండకు బంగారుతల్లి, కోతిమొహానికి చంద్రబింబం. మేడమ్ చదివి "బ్యూటిఫుల్" అన్నారు. ఆ రోజు బస్సులో ఇంటిదాకా నాలో నేనే నవ్వుకుంటూ వెళ్ళాను.

ఎక్స్‌టెన్షన్ జనంలోకి వదిలి నెల తిరగకముందే గొడవొచ్చింది. గురజాలలో ఒకావిడకు మనవరాలు పుట్టింది. మాచర్లలో ఉండే కూతురి అత్తవారు పాప ఫొటో ఫేస్‌బుక్‌లో పెడితే, ఈవిడ దాని కింద, "ఈ దొంగముండ కోతిమొహం చూడండే" అని రాసింది. మా వైపు పసిబిడ్డను చూసి బాగుందని ఎవరూ అనరు. అంటే దిష్టి. ఎంత ముద్దొస్తే అంత వికారంగా తిట్టాలి. అల్లుడి కంప్యూటర్‌లో మా ఎక్స్‌టెన్షన్ ఉంది. అతను ఇంట్లో అందరికీ వినబడేలా చదివాడు: "ఈ బంగారుతల్లి చంద్రబింబం చూడండే."

ఆ సాయంత్రం పాపకు జ్వరమొచ్చింది.

అత్తవారు వియ్యపురాలి మీద విరుచుకుపడ్డారు. సొంత అమ్మమ్మే దిష్టి పెట్టిందన్నారు. ఆవిడ అలా రాయలేదని ఏడ్చింది. చివరికి కూతురి ఆడపడుచు ఎక్స్‌టెన్షన్ లేని తన ఫోన్‌లో తెరిచి చూస్తే అసలు మాటలు అక్కడే ఉన్నాయి. రెండు తెరల ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఎవరో వాట్సాప్‌లో వదిలారు. పాప జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. మా జ్వరం అప్పుడు మొదలైంది.

ఒకాయన మోటార్‌సైకిల్ మీద కూర్చుని వీడియో తీశాడు: "మా అమ్మ తిట్టు మాకు దీవెన. దాన్ని దిద్దటానికి ఈ మిషనెవుడండీ?" దాని కింద జనం పోటీపడి వాళ్ళ అమ్మలు తిట్టే తిట్లు రాశారు. మా ఎక్స్‌టెన్షన్ ఉన్నవాళ్ళకు అదంతా భజనలా కనబడింది. అదింకో గొడవ. ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. ఆ తిట్ల మధ్యలో ఒక కాలేజీ అమ్మాయి మెసేజ్ మాత్రం వేరేగా ఉంది: "అక్కా, తీసేయొద్దు. నా ఫొటోల కింద మగపిల్లలు రాసేది చదవలేక పెట్టుకున్నాను."

నాలుగో రోజు గురజాల ఆవిడే మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతూ గదిలో అందరినీ చూసి, "నా నోట్లో మాట తీసి ఇంకోటి పెట్టింది ఎవురు?" అంది.

లేచి నిలబడ్డాను. "నేనే, అమ్మమ్మా."

"మీదేవూరు?"

చెప్పాను.

"పల్నాడు పిల్లవే! మీ ఇంట్లో నిన్నెవురూ తిట్టలేదా, కూడు పెట్టేటప్పుడు?"

మంచినీళ్ళిచ్చాను. తాగింది, క్షమించలేదు. ఆవిడ దిగి వెళ్ళాక మేడమ్ కోప్పడలేదు, దానికే భయమేసింది. "లిస్టు నీది. సోమవారానికి దారి చెప్పు. లేకపోతే ఎక్స్‌టెన్షన్ మూసేద్దాం" అన్నారు. మూసేస్తే నాకిక అక్కడ పనేముంది?

ఆదివారం చర్చి అయ్యాక నానమ్మ మిరప కల్లానికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఎర్రటి కుప్ప చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని మంచికాయ ఒకవైపు, తెల్లబడిన తాలుకాయ ఒకవైపు ఏరుతున్నారు. తుమ్ముకుంటూ జరిగిందంతా చెప్పాను. నానమ్మ చేతిలో కాయ కింద పడేసింది.

"అయ్యన్నీ చెరిపెయ్యటానికా నేను నీకు చెప్పింది? గ్యాపకం పెట్టుకుంటావనుకున్నాను గదే!"

పక్కన కూర్చున్న పిన్ని నా తరఫున మాట్లాడింది. "పోన్లే అత్తా, పిల్లదాని ఉద్యోగం పోయేట్టుంది. ఒక్కోటి చదవ్వే, ఏరదాం."

నోట్‌బుక్ తీసి చదివాను. వాళ్ళు కాయలేరుతూనే మాటలేరారు. "అది ఒళ్ళో పెట్టుకుని అనేది, మంచిదాన్లో ఎయ్." "అది నీళ్ళ పంపుకాడ కొట్లాటలో అనేది, తాలు." కులం పేరు పెట్టి అనేది రాగానే ఎవరూ నవ్వలేదు. "తాలు," అంది నానమ్మ. ఆడదాని ఒంటి మీద అనేవి రాగానే, ఆ కాలేజీ అమ్మాయి సంగతి చెప్పాను. పిన్ని, "వాళ్ళ చేతులిరగ, అయ్యన్నీ తాలే" అంది. కొన్నింటి మీద మాత్రం తగువులాడుకున్నారు. ఎవరు ఎవరిని అన్నారో తెలియకుండా ఎటూ వెయ్యలేమన్నారు.

"ఆ తాలు మాటల బదులు ఏం పెట్టాలి మరి?" అన్నాను.

నానమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "వానొస్తే కాయ మీద పట్టా కప్పుతాం. కాయ తీసేసి టమాటా పెడతామా? కప్పు. సూడాలనుకున్నోడు పట్టా ఎత్తి సూసుకుంటాడు."

సోమవారం పొద్దున మేడమ్‌కు నానమ్మ మాటలే చెప్పాను, టమాటాతో సహా. ఏ మాటకూ బదులు మాట పెట్టొద్దు. ఒళ్ళో మాటలు ముట్టుకోవద్దు. తాలు మాటల మీద బూడిదరంగు ముసుగు, నొక్కితే తొలగాలి. తగువు మాటలు ఎవరికి వాళ్ళు ఎంచుకోవాలి. ఇదంతా ఏరిచ్చింది మిరప కూలీలన్న సంగతీ, సిగ్గుపడి అన్నింటినీ ఒక్క వరసలో పెట్టింది నేనన్న సంగతీ చెప్పాను. ఆవిడ అంతా రాసుకుని, "ఆ సిగ్గు సంగతి నాకు ముందే చెప్పాల్సింది. సరే, అలాగే మారుద్దాం" అన్నారు.

మూడు వారాలు కూర్చుని మార్చాం. జనానికి తప్పు చేశామని తెలుగులో రాసి పెట్టాం. అందరూ చల్లబడలేదు. మోటార్‌సైకిలాయన ఇప్పటికీ వీడియోలు చేస్తూనే ఉన్నాడు. కాలేజీ అమ్మాయి మాత్రం ఒక దండం బొమ్మ పంపింది. గురజాల ఆవిడ నిన్న వాయిస్ మెసేజ్ పెట్టింది: "దొంగముండా, ఇప్పుడు బాగుంది." మేడమ్ దాన్ని రెండుసార్లు విన్నారు. ఈరోజు కాగితం ఇచ్చారు.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు: నానమ్మ. కల్లంలో ఉంటుంది, పిన్ని ఫోన్‌కి చెయ్యాలి. మాచవరంలో పెద్దమ్మ, ముందు తనకే చెప్పానని చెప్పాలి. నాదెండ్లలో మేనత్త, ముందు తనకే చెప్పానని ఆవిడకూ చెప్పాలి. ఫీజు కట్టే గడువు పెంచమని నా తరఫున కాలేజీ ఆఫీసులో పోట్లాడిన లెక్కల మేడమ్. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి, తను ఇంకా వెతుక్కుంటోంది, నెమ్మదిగా చెప్పాలి. పాస్టరమ్మ గారు. లారీ మీద ఒడిశా వైపు వెళ్ళిన నాన్న, సిగ్నల్ దొరికేదాకా చేస్తూనే ఉండాలి.