మా అన్న బాగుచేసిన కారు దీపాలు

మొన్న సాయంత్రం మెదక్ బస్టాండు బయట ఆటో కోసం నిలబడి ఉంటే ఒక కొత్త కారు వచ్చి ఆగింది. దాని ముందు జాలీ చుట్టూ సన్నని తెల్లటి వెలుగు ఒక కొస నుంచి మరో కొసకు పాకుతుంటే కాలేజీ పిల్లలు మూగి ఫోటోలు తీసుకున్నారు. నాకు మాత్రం మా అన్న వంగిన వీపు కళ్ల ముందు మెదిలింది.

నాన్న పోయాక నన్ను టీచర్ ట్రైనింగ్ చదివించింది మా అన్నే. చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో కార్లకూ లారీలకూ వైరింగు పని చేసేవాడు. క్రిస్మస్ వచ్చిందంటే చర్చి కాంపౌండులో మా వాళ్లందరి ఇళ్ల మీదా నక్షత్రాలు వెలిగించేది ఆయనే, అదీ ఉచితంగా. నాకు ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికిన రోజున మా అన్న వీధంతా తిరిగి మిఠాయి పంచాడు.

ఆ బడి కరస్పాండెంటు కుల్చారం వైపు భూస్వామి. వ్యాపారంలోకి, అక్కడి నుంచి రాజకీయాల్లోకి వచ్చినవాడు. ఆ ఏడు హైదరాబాదులో ఎవరి దగ్గరో పాత విదేశీ కారు కొన్నాడు. దాని సొగసంతా ముందు జాలీ చుట్టూ, తలుపుల కింద వరసగా పొదిగిన చిన్న చిన్న దీపాల్లోనే ఉంది గాని, ఏళ్లతరబడి ఆరుబయట పడి ఉండడంతో అవి చాలావరకు వెలగడం మానేశాయి. బాగుచేసే పని మా అన్నకు అప్పగించాడు. రబ్బర్లు ఎండి లోపలికి నీళ్లు దిగి హోల్డర్లు తుప్పు పట్టాయని, వాటిని ఒక్కొక్కటే విప్పి గరుకు కాగితంతో రుద్ది, కొత్త వైర్లు లాగి, మా అన్న దాదాపు అన్నింటినీ వెలిగించాడు. ఎడమ మూల దీపానికి మాత్రం అద్దం పగిలింది. అలాంటిది బొంబాయి నుంచి రావాలి. అప్పటిదాకా లప్పం పెట్టి మూసి, వానలో బండి తీయొద్దని మరీ మరీ చెప్పాడు.

అద్దం రాలేదు, ఎలక్షన్ వచ్చింది, కరస్పాండెంటు గెలిచాడు. ఊరేగింపు రోజున పొద్దు వాలుతుండగా తుంపర మొదలైంది. మా టీచర్లను, పిల్లలను పూలిచ్చి రోడ్డుకు రెండు పక్కలా నిలబెట్టారు. దీపాల కారు సరిగ్గా మేము నిలబడ్డ చోటికి వచ్చేసరికి ఎడమ మూల దీపం ఆరిపోయింది. ఆయన కారు ఆపించి, దీపాలు చూసుకోవడానికి వెనక జీపులో వస్తున్న మా అన్నను పిలిపించాడు.

"ఏందిరా, నా బండికి ఒక కన్ను పోయింది?"

"అద్దం పలిగిందని చెప్పిన గద పటేలా, నీళ్లు దిగినయ్."

"నీ అద్దం కోసం నా ఊరేగింపు ఆగుతదారా? టార్చి పట్టుకో. గా లైటు కాడ వెట్టి ఇంటిదాంక నడువ్."

ఎవరో టార్చి అందించారు. ఆ దీపం మోకాలి ఎత్తులో ఉంటుంది. మా అన్న నడుం వంచి, టార్చిని అక్కడ పట్టుకుని, కారు పక్కనే బురదలో నడవసాగాడు. బ్యాండు వాళ్లు వాయిస్తూనే ఉన్నారు. "ఇంక జర వంగు!" అని ఒకడు అరిచాడు, బజారంతా నవ్వింది, నా పక్కనున్న పిల్లలూ నవ్వారు. ఆయన కారులోంచి నన్ను చూసి, "టీచరమ్మా, మీ అన్న మంచిగ ఎలుగుతుండు గదా!" అన్నాడు.

నేను పూలు పారేసి పరుగెత్తుకెళ్లి మా అన్న చెయ్యి పట్టుకున్నాను. ఆయన తలెత్తలేదు. "పో చెల్లె, పిల్లల కాడికి పో" అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆ ఉద్యోగం వదిలేసి వచ్చాను. మా అన్న సంతోషిస్తాడనుకున్నాను. నడుం పట్టేసి మంచంలో ఉన్నవాడు గోడకు ఆనుకుని లేచి, "నేను గంతదూరం వంగి నడిచింది నీ నౌకరీ కోసమే గదనే, గదే ఇడిసిపెట్టొస్తివా?" అన్నాడు. ఆ రోజు ముద్ద ముట్టలేదు. నాతో మునుపటిలా ఎన్నడూ మాట్లాడలేదు.

ఊళ్లో పిల్లా పెద్దా ఆయనకు 'టార్చి' అని పేరు పెట్టారు. ఆ క్రిస్మస్‌కు ఆయన ఎవరింటి మీదా నక్షత్రం కట్టలేదు, మా ఇంటి మీద కూడా. షెడ్డు మూసి, బోరు మోటార్లు బాగుచేసుకుందామని ఎల్దుర్తికి వెళ్తే ఆ పేరు ఆయన కంటే ముందే అక్కడికి చేరింది. మా అన్న పోయిన రోజున సమాధుల దగ్గర కూడా, "ఎవరు, గా టార్చన్ననా?" అని ఒకాయన అడగడం నా చెవిన పడింది. కరస్పాండెంటు పోయినప్పుడు మాత్రం బజారంతా దుకాణాలు మూశారు.

ఇప్పుడు ఆ షెడ్డు రోడ్డు వెడల్పులో పోయింది. ఈనాటి కార్ల దీపాలను ఎవరూ విప్పి బాగుచేయరు, మొత్తంగా తీసి కొత్తవి బిగిస్తారట. ఊరు పెరిగింది, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు. ఈ మధ్య ఒక పెళ్లిలో నా ఈడు ఆవిడ పక్కన కూర్చుని, నేనెవరో తెలియక, ఆ ఊరేగింపు ముచ్చట మొదలుపెట్టింది. వానలో ఒకాయన టార్చి పట్టుకుని వంగి నడిచిన తీరు చెబుతూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "ఆ రోజులే వేరమ్మా, ఎంత ఖుషీగ ఉంటుంటిమి!" అంది.

వాళ్లు ఖుషీగానే ఉండేవాళ్లు, నిజమే.