గజలక్ష్మి తుమ్మిన రోజు

మనిషి తల మీద రకరకాలవి పడతాయి. కొందరికి అక్షింతలు, కొందరికి బాధ్యతలు. నా తల మీద పుంగనూరు నడివీధిలో, ఊరి ప్రెసిడెంటు ఎదుట, నాకు పిల్లనివ్వబోయే మామ ఎదుట, మదనపల్లె సంత మొత్తం పడింది. సంత అంటే మనుషులు కాదు లెండి. వాళ్లు పారేసి పోయిన ఉల్లిపొట్టు, వేరుశనగ తొక్కలు, మిరప తొడిమలు. అదంతా మదనపల్లె నుంచి పుంగనూరుకు మోసుకొచ్చిన తెలివితక్కువవాణ్ణి నేనే, చల్లుకున్నవాణ్ణీ నేనే. తప్పులో వాటా ఇద్దామని ఇంకొకరి కోసం ఏళ్ల తరబడి వెతికాను. ఎవరూ దొరకలేదు.

డెబ్భైల చివరి మాట. పాలిటెక్నిక్ అప్పుడే పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క, మదనపల్లె శివార్లలో మస్తాన్ భాయ్ వెల్డింగు షెడ్డులో కూర్చుని ఉండేవాణ్ణి. భాయ్ ఎద్దులబండ్లకు ఇనుప పట్టాలు వేసేవాడు, నేను సలహాలు వేసేవాణ్ణి. ఒకరోజు పాత ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ కనబడింది. విదేశాల్లో ఏదో వీధి. దాన్ని ఒక బండి తనంతట తాను ఊడ్చుకుంటూ పోతోంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టి ఉంటే ఎంత బాగుండేది!

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయి, "భాయ్, వీధులూడ్చే బండి చేద్దాం" అన్నాను.

"ఊడ్చేదానికి మనుషులుండారు కదప్పా?"

"మనుషులు దుమ్మును లేపి పక్కింటి ముందు పడేస్తారు. మన బండి దుమ్మును మింగేస్తుంది."

"మింగేది నాకు నచ్చింది. కానీ మళ్లీ కక్కితే నక్కో, వద్దే వద్దు," అన్నాడు మస్తాన్ భాయ్ నవ్వుతూ. భాయ్ నోట్లో ఏ వేళ ఏ దేవతలున్నారో గానీ, ఆ మాట పట్టుకుని గట్టిగా తథాస్తు అన్నట్టున్నారు.

బండి ఎలా ఉండేదో చెబుతాను. చెప్పకపోతే నా ఘనత మీకు అర్థం కాదు. ట్రాక్టరు ట్రైలరు మీద రేకుల పెట్టె. పెట్టె వెనక పెద్ద ఫ్యాను. వేరుశనగ తూర్పారబట్టేదే, తెలిసినవాళ్ల కళ్లంలో అడిగి తెచ్చాం. ఫ్యానుకు ముందు గోనెపట్టా, దుమ్ము బయటికి పోకుండా. పెట్టె ముందు భాగాన కాన్వాసు గొట్టం, అచ్చం ఏనుగు తొండంలా వేలాడేది. దాన్ని చేత్తో పట్టుకుని చెత్త మీద తిప్పాలి. పెట్టె పక్కనే బావికాడ నీళ్లు తోడే డీజిల్ ఇంజను. ఇంజను చక్రానికీ ఫ్యాను చక్రానికీ మధ్య ఒక బెల్టు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, నా కొంప మునిగింది ఈ బెల్టులోనే. తూర్పారబట్టే ఫ్యాను గాలి విసురుతుంది. నాకు గాలి లాగేది కావాలి. ఫ్యాను ఎదురు తిరిగితే గాలి కూడా ఎదురు తిరుగుతుంది. అందుకు బెల్టును తిన్నగా కాకుండా, మధ్యలో ఒక మెలిక వేసి, ఇంగ్లీషు ఎనిమిది అంకెలాగా తగిలించాలి. ఆ ఒక్క మెలికే నా ఆవిష్కరణ. మిగతా బండంతా మస్తాన్ భాయ్‌ది. అయినా పెట్టె మీద 'గజలక్ష్మి' అని రాయించి, కింద నా పేరొక్కటే వేయించుకున్నాను.

ఈ కథలోకి గురప్ప మామ రావాలి. మా అమ్మకు వరసకు తమ్ముడు. కుప్పంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. వీధిలో అరటితొక్క కనబడితే దాని తల్లిదండ్రులెవరో కనుక్కునేదాకా వదలని మనిషి. ఆయన కూతురు సరోజ అంటే నాకు ఇష్టం. సరోజకు నేనంటే అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా మామదే.

"పనీ పాటా లేనోడికి పిల్లనెట్లా ఇచ్చేదప్పా? కోలారులో గుమాస్తా ఒకడు ఉండాడు. పొద్దున పోతాడు, సాయంత్రం వస్తాడు. నువ్వు యాడికీ పోవు, యాడ నుంచీ రావు."

"బండి చేస్తాండాను మామా. వీధులూడ్చే బండి."

ఆ మాటకు ఇన్‌స్పెక్టరు చెవులు నిక్కపొడుచుకున్నాయి. "సరే. పుంగనూరు ప్రెసిడెంటు నాకు తెలిసినాయనే. ఆయన ముందర వీధి ఊడ్చి సూపించు. నా పిల్లనిస్తా. ఊడ్చలేదో, కోలారుకు కబురు పంపిస్తా," అన్నాడు.

అంటే ఏమిటో చూశారా? వీధి శుభ్రమైతే సరోజ నాది, కాకపోతే గుమాస్తాది. ప్రేమ కోసం కొండలు తవ్వినవాళ్లున్నారు. నాకు చెత్త ఎత్తమన్నారు, అంతే తేడా.

ముందురోజు మదనపల్లె సంత ముగిశాక బండిని పరీక్షించాం. నమ్ముతారో లేదో, గజలక్ష్మి అద్భుతంగా మింగింది. తొండం ఎటు తిప్పితే అటు ఉల్లిపొట్టు ఎగురుకుంటూ వచ్చి లోపల పడింది. మస్తాన్ భాయ్ నన్ను కౌగిలించుకున్నాడు.

"పెట్టె ఖాళీ చేద్దామా?" అన్నాడు తర్వాత.

"ఖాళీ చేస్తే ఏం సూపిస్తాం భాయ్? ప్రెసిడెంటు ముందర తలుపు తెరిచి, సూడండి సార్, ఇది ఒక్క సంతలో మింగింది అనాల."

"సహీ బాత్," అన్నాడు భాయ్. మా ఇద్దరికీ అది గొప్ప ఆలోచనలాగే కనబడింది.

అంతటితో ఊరుకోలేదు. సాయంత్రమే పుంగనూరు పోయి, వీధులూడ్చే ఆడవాళ్లతో, "రేపు పొద్దున ఈ వీధి ఊడ్చొద్దండి, చెత్త ఇట్లే ఉండనీండి" అని చెప్పాను. వాళ్లలో పెద్దది మునెమ్మ. పొరకను భుజానికి ఆనించి నిలబడింది. చీపురును మా వైపు పొరక అంటాం.

"యాలప్పా?"

"బండి వస్తాంది మునెమ్మా. ఇంక నీ పొరకను అటకెక్కించేయొచ్చు."

మునెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పొరక అటకెక్కితే మేము యాడికెక్కాలప్పా?"

దానికి నా దగ్గర జవాబు ఉన్నట్టు నవ్వాను. ఈ కథలో నేను చేసిన పనులన్నిటికీ నవ్వుకోగలను గానీ, ఆ నవ్వు గుర్తొస్తే మటుకు ఇప్పటికీ తల దించుకుంటాను.

తెల్లారింది. కొత్త జరీ అంచు పంచె కట్టుకున్నాను. వీధి పొడుగునా జనం. ముందు వరసలో మల్లెపువ్వులాంటి బట్టల్లో ప్రెసిడెంటు. పక్కన గురప్ప మామ. వెనక అరుగు మీద అత్త, సరోజ. ఇటువైపు పొరకలు పట్టుకుని మునెమ్మ వాళ్లు.

బండి స్టార్టు చేయబోతుంటే మామ చెయ్యెత్తాడు. "ఆగప్పా! కొత్త బండి. పూజ లేకుండా కదిలిస్తావా?"

నిజమే. మా వైపు సైకిలు కొన్నా నిమ్మకాయ తొక్కించకుండా ఇంటికి తీసుకుపోము. పూజారిని పిలిపించారు. ముందు బండిని కడగాలి. బెల్టు తడిస్తే చక్రం మీద జారుతుందని దాన్ని ఊడదీసి, మడిచి, జాగ్రత్తగా భుజాన వేసుకున్నాను. అంత జాగ్రత్తపరుణ్ణి! కడిగారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. తొండానికి చామంతి దండ వేశారు. మస్తాన్ భాయ్ ట్రాక్టరు సీటు మీద పెళ్లికొడుకులా కూర్చున్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ దిష్టి తీసి వీధి మధ్యలో పగలగొట్టారు.

"ఆ ముక్కలే గజలక్ష్మికి తొలి ముద్ద!" అన్నాను జనంతో. చప్పట్లు కొట్టారు. అవి చివరి చప్పట్లు.

"వర్జ్యం వస్తాంది, తొందరగా కానీయప్పా," అన్నాడు పూజారి.

బెల్టు తగిలించాను. పంచెకు నూనె అంటకుండా ఒళ్లు వెనక్కి పెట్టి, మునివేళ్లతో, ఎంతో భక్తిగా తగిలించాను. కడిగి, బొట్టు పెట్టి, అంతా తీర్చిదిద్దినట్టున్న బండికి బెల్టు కూడా తీర్చిదిద్దినట్టు, తిన్నగా, చక్కగా తగిలించాను.

తిన్నగా అన్నాను. విన్నారు కదా?

"తొండం యాడ నుంచి లాగుతుందప్పా?" మామ వంగి గొట్టంలోకి తొంగిచూశాడు. ఇన్‌స్పెక్టరు కదా, లోపలిదాకా చూడందే నమ్మడు.

"సూస్తా ఉండండి మామా!" అని ఇంజను హ్యాండిలు తిప్పాను.

గజలక్ష్మి ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. తర్వాత తుమ్మింది.

సంత మొత్తం మామ మొహం మీదికి వచ్చింది. ఆయన కళ్లజోడు ఎగిరి పూజారి పళ్లెంలో పడింది. నోట్లో ఉన్న మాట, ఉల్లిపొట్టు ఒకదానికొకటి దారి ఇవ్వక ఇరుక్కున్నాయి. అప్పుడైనా ఇంజను ఆపొచ్చు. ఆపలేదు. మామను కాపాడదామని తొండం పట్టుకుని పక్కకు తిప్పాను. పక్కన ప్రెసిడెంటు ఉన్నాడు. మల్లెపువ్వు కాస్తా బంతిపువ్వయింది.

"యోవ్! అటు తిప్పయ్యా!"

అటు తిప్పాను. అటు ఇడ్లీ హోటలు.

"సాంబార్లో పడతాంది రా నాయనా!"

ఇటు తిప్పాను. ఇటు మునెమ్మ వాళ్లు. ఇంక భూమ్మీద ఏ దిక్కూ మిగల్లేదని తొండం ఆకాశానికి ఎత్తాను. మిరప తొడిమలు, తొక్కలు, దుమ్ము పైకి లేచి, కాసేపు ఆలోచించి, నిదానంగా అందరి మీదా సమానంగా కురిశాయి. వీధి వీధంతా తుమ్ములు. మస్తాన్ భాయ్ ట్రాక్టరు దిగి పరిగెత్తుకొచ్చి ఇంజను ఆపాడు. బెల్టు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"మెలిక ఏదప్పా?"

ప్రెసిడెంటు బట్టలు దులుపుకుంటూ, "గురప్పా, ఇది ఊడ్చే బండా, చల్లే బండా?" అని అడిగాడు. మామ కోలారు వైపుకు తిరిగి నిలబడ్డాడు.

నేను? ట్రైలరు వెనక నక్కాను. అక్కడ కూర్చుని, బస్సెక్కి ఏ ఊరికి పోతే నన్నెవరూ గుర్తుపట్టరా అని ఆలోచించాను. అంతలో పొరక చప్పుడు వినబడింది. తొంగిచూస్తే మునెమ్మ, ఆమె వెంటవాళ్లు కొంగుతో ముక్కులు కట్టుకుని ఊడుస్తున్నారు. వాళ్ల ఊరి చెత్త, దాని మీద మా ఊరి చెత్త. వాళ్ల తలల్లోనూ ఉల్లిపొట్టే. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బస్సెక్కి పోయేవాణ్ణి.

మునెమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఏందప్పా, ఈడ దాక్కుండావు?"

"సిగ్గుగా ఉండాది మునెమ్మా."

"సిగ్గుపడేటోడు కూసోని పడాల్నా? ఊడుస్తా పడకూడదా?" అని ఇంకో పొరక నా చేతిలో పెట్టింది.

జరీ పంచె ఎగ్గట్టాను. వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి, వాళ్లతోపాటు వంగి ఊడ్చాను. నడుము విరిగింది. దారిపొడుగునా పిల్లలు "గజలక్ష్మి! గజలక్ష్మి!" అని అరిచారు. తల ఎత్తలేదు. ఎత్తితే సరోజ కనబడుతుందని భయం. చివరికి ఎత్తాను. అరుగు మీద సరోజ పడీ పడీ నవ్వుతోంది.

ఇంక అయిపోయిందనుకున్నాను. కుప్పం పోయాక ఆ ఇంట్లో జరిగిన మాటలు అత్త తర్వాత చెప్పింది.

"కోలారుకు కబురు పంపిస్తాండా," అన్నాడట మామ, మూడోసారి తలంటుకుని వచ్చి.

"నాయనా, నువ్వేమన్నావు? ప్రెసిడెంటు ముందర వీధి ఊడ్చి సూపిస్తే పిల్లనిస్తానన్నావు," అందట సరోజ.

"అవును."

"ఊడ్చినాడు కదా? ప్రెసిడెంటు సూడలేదా? నువ్వు సూడలేదా? బండితోనే ఊడ్చాలని అన్నావా?"

ఇన్‌స్పెక్టరు కూతురు కదా, రూలు తెలుసు. ఆరు నెలల్లో పెళ్లయింది. తలంబ్రాలు పోసేటప్పుడు మామ నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఆ పెళ్లిపీటల మీదే నేనొక ప్రతిజ్ఞ చేసుకున్నాను: అగ్నిసాక్షిగా, ఇకమీదట బెల్టున్న ఏ యంత్రానికీ పూజ చేసినవెంటనే ఎదురుగా నిలబడను, ఎవరి పొరకనూ అటకెక్కించమనను. రెండూ తప్పలేదు.

మామ మటుకు పదేళ్లపాటు నన్ను వదల్లేదు. పండక్కి పోతే ఒకటే పాట. విస్తట్లో ఉల్లిపాయ కనబడితే చాలు, "అల్లుడి తలకాయ గుర్తొస్తాంది" అనేవాడు. కుప్పంలో నాకు తెలియనివాళ్లు కూడా నన్ను చూసి తుమ్మేవాళ్లు.

ఎనభైలు ముగిసేవేళ మామ నుంచి కబురొచ్చింది. కుప్పంలో ఏదో కొత్త బండి ప్రారంభమట, తప్పకుండా రావాలట. సరోజను వెంటబెట్టుకుని పోయి చూద్దును కదా, ట్రైలరు, రేకుల పెట్టె, ఫ్యాను, తొండం! నా గజలక్ష్మే. నన్ను తిడుతూనే ఇన్నాళ్లూ దాన్ని మనసులో పెట్టుకుని, రిటైరయ్యేలోగా పేరు తెచ్చుకుందామని శాంతిపురంలో చేయించాడు. పెట్టె మీద పెద్దక్షరాలతో 'గురప్ప గారి మార్కు'. పెట్టె లోపల, అందరికీ తెరిచి చూపించడానికి, ముందురోజు కుప్పం సంతలో మింగిన చెత్త.

"సూడప్పా, బండంటే ఇట్లుండాల. దూరంగా నిలబడి నేర్చుకో."

పూజ మొదలైంది. కడిగారు, బొట్టు పెట్టారు. మామ పట్టుపంచెలో, మునివేళ్లతో, ఎంతో భక్తిగా బెల్టు తగిలించాడు. నేను చూశాను. మెలిక లేదు.

"మామా, బెల్టు ఒకసారి సూసుకోండి."

"నువ్వా నాకు బెల్టు గురించి చెప్పేది?" అన్నాడు అందరూ వినేలా. జనం నవ్వారు. ఎవరో తుమ్మారు.

ఇంకేం చెప్పను? ముందుగా, అక్కడ పొరకలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల దగ్గరికి పోయి, "అమ్మా, మీరు ఆ సందులోకి పోండి" అన్నాను. ఈసారి అది మరిచిపోలేదు. తర్వాత వచ్చి గొడుగు తెరిచాను.

"మబ్బు కూడా లేదు, గొడుగు యాలప్పా?" అన్నాడు మామ, హ్యాండిలు పట్టుకుని.

"ఎండకు మామా."

సరోజ బెల్టు వైపు చూసింది. వాళ్ల నాయన వైపు చూసింది. గొడుగు కిందికి వచ్చి, "కొంచెం జరగండి" అంది.

గొడుగు మీద కుప్పం సంత కురిసి వెలిశాక, సందులో ఉన్న ఆడవాళ్లను ఒక పొరక అడిగి తెచ్చాను. వీధి మధ్యలో ఉల్లిపొట్టు కిరీటంతో నిలబడిన మామ చేతిలో, రెండు చేతులా, ఎంతో మర్యాదగా పెట్టాను.

"మొదలుపెట్టండి మామా. నేనూ వస్తాండా."