సింకు పైపులో బయటపడ్డ ఓట్స్

మా వంటింటి సింకులో మూడు రోజులుగా నీళ్లు దిగడం లేదు. మరిగే నీళ్లు పోసినా లాభం లేకపోయింది. ఈ రోజు తిరువూరు సెంటర్ నుంచి ప్లంబర్‌ని పిలిపించాను. ఆయన కింద పైపు విప్పి ఓ తెల్లటి ముద్ద లాగాడు.

"ఏంటండీ ఇది? నూనె జిడ్డు పట్టి, పోస్టర్లు అంటించే మైదాలా గట్టిపడిపోయింది!" అన్నాడు.

ఓట్స్! షుగర్ వచ్చిందని మా మామయ్యగారికి నెలరోజులుగా నేను పొద్దున్నే కాచిపెడుతున్న ఓట్స్. రోజూ ఖాళీ గిన్నె చూసి మురిసిపోయేదాన్ని.

మామయ్యగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, "మింగుడు పడలేదమ్మా. చెబితే నువ్వు బాధపడతావని..." అన్నారు.

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. వెంటనే పెసరట్టు వేసిచ్చాను. ప్లంబర్‌కీ ఒకటి.

షుగర్ ఉన్నవాళ్లు నిజంగా తినే టిఫిన్లు ఏమైనా ఉంటే చెప్పండి. మళ్లీ పైపు విప్పించే ఓపిక నాకు లేదు.