బ్యాకప్ పెట్టెకు ఆయుధ పూజ

ఒక పెళ్ళిలోంచి పెళ్ళికూతుర్ని, పెళ్ళికొడుకుని, పురోహితుణ్ణి, బంతిలో కూర్చున్న నాలుగొందలమంది చుట్టాల్ని ఒకే ఒక్క మధ్యాహ్నంలో మాయం చేసిన ఘనత నాది. తుపాను కూడా అంత శుభ్రంగా ఊడ్చదు. ఎలా చేశానో చెబుతాను. మీ కంప్యూటర్ని కాస్త దూరంగా పెట్టి చదవండి, భయపడుతుంది.

అప్పట్లో కంచరపాలెంలో మా అక్క మొగుడు సూరిబావ నడిపే ఫొటో స్టూడియోలో నేను కంప్యూటర్ నిపుణుణ్ణి. ఆ బిరుదు ఇచ్చినవాణ్ణీ నేనే, పుచ్చుకున్నవాణ్ణీ నేనే. షాపు కంప్యూటర్లో లినక్స్ ఎక్కించాను. అది ఉచితం, పైగా నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు టకటకా కొడుతుంటే కస్టమర్లు నన్ను గుండె డాక్టర్ని చూసినట్టు చూసేవారు. గోడకి ఒక స్టోరేజీ పెట్టె బిగించి, నెట్‌వర్క్ వైరు కలిపి, రోజూ భోజనాల వేళకి ఫొటోలన్నీ వాటంతటవే అందులోకి నకలయ్యే ఏర్పాటు చేశాను.

"ఇంక కంప్యూటర్ కాలిపోయినా ఫొటోలు పోవు బావా," అన్నాను.

"నువ్వు కాల్సకుంటే సాల్రా," అన్నాడు సూరిబావ.

దసరా వచ్చింది. నేను పద్మనాభంలో మా ఇంటికెళ్ళి, గారెల బరువుతో తిరిగొచ్చాను. కార్తీకంలో ఎర్రయ్య కూతురి పెళ్ళి తీశాం. ఎర్రయ్యది చేపల వేట. సముద్రం మీద మాట్లాడే గొంతుతోనే షాపులోనూ మాట్లాడతాడు.

పెళ్ళయిన నెలకి కంప్యూటర్ 'చోటు లేదు' అని మొరాయించింది. నాకేం భయం? బ్యాకప్ అనే ఫోల్డరు తెరిచాను. ఎర్రయ్య కూతురి పెళ్ళి మొత్తం కళకళలాడుతూ అందులో ఉంది. నకలు చూసుకున్న ధైర్యంతో అసలు ఫొటోల్ని తుడిచేశాను. బోలెడు చోటొచ్చింది. కృతజ్ఞతగా గోడకేసి చూశాను.

గోడ మీద రెండు మేకులున్నాయి. ఒక వైరు వేలాడుతోంది. పెట్టె లేదు.

"బావా, పెట్టె ఏదీ?"

"ఏ పెట్టి?"

"ఫొటోలు దాచే పెట్టె!"

"ఓ, అదా! దసరాకి కెమెరాల్తో పాటు మేడ మీద పూజలో ఎట్టినాం. కెమెరాలు మర్నాడే తీసీసినాను. దాన్ని ఎవులూ అడగనేదు."

మేడ మీదికి పరిగెత్తాను. సూరిబావ వాళ్ళమ్మని నేను అత్తా అంటాను. అత్త పూజగూట్లో పెట్టె పసుపు, కుంకుమ, మందారపువ్వుతో, నా ఉద్యోగం కన్నా ఎంతో గౌరవంగా ఉంది.

"దన్నం ఎట్టుకోకండా పీకీసినావేటిరా!" అని అత్త వెనక నుంచి కేకేసింది.

కిందికి తెచ్చి, వైరు కలిపి, ఫోల్డరు మళ్ళీ తెరిచాను. దసరా దాకా అన్నీ ఉన్నాయి. ఎర్రయ్య కూతురి పెళ్ళి లేదు. ఇందాక ఉన్నది ఇప్పుడు లేదు!

సరిగ్గా అప్పుడే ఎర్రయ్య వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని దిగాడు.

"ఫొటోలు సూపించు బాబూ! మా యమ్మ అచ్చింతలేసింది ముందు సూపించు. కాలిరిగినా కుర్సీలో మోయించుకుని వచ్చింది. మల్లీ ఏ పెల్లికి వత్తాదో!"

ఆ ముసలమ్మని కుర్చీతో సహా నేను తుడిచేశాను. "సిస్టమ్ వేడెక్కింది, అయిదు నిమిషాలు," అన్నాను. వేడెక్కింది నేను.

అత్త టీలు పట్టుకుని దిగి నా మొహం చూసింది. "దాన్ని కదిపిన కాడ్నుంచీ అంతా సెడింది. ఎక్కడిది అక్కడ ఎట్టీ!"

మునిగేవాడికి తర్కమెందుకు? పెట్టెని కంప్యూటర్ నుంచి విడదీసి, వైరు పీకి అత్త చేతిలో పెట్టాను. ఎర్రయ్య చూస్తున్నాడు కదా, ఏదో ఒకటి నొక్కాలి. ఫోల్డరు తెరిచాను.

తెర మీద ముసలమ్మ, కుర్చీలో కూర్చుని, గుప్పెడు అక్షింతలు నా మొహాన వేసింది!

"అదిగో మా యమ్మ!" ఎర్రయ్య కేకకి టీలు తొణికాయి.

జరిగిందేమిటో మీకు మాత్రం చెబుతాను. బ్యాకప్ ఫోల్డరు ఉత్త గుమ్మం. పెట్టె తగిలించి ఉంటే ఆ గుమ్మం పెట్టెలోకి తెరుచుకుంటుంది. లేకపోతే కంప్యూటర్లోనే ఉన్న ఖాళీ గదిలోకి తెరుచుకుంటుంది. దసరా నుంచీ నా ఏర్పాటు ఫొటోల్ని బుద్ధిగా ఆ గదిలోనే గుమ్మరిస్తోంది. చోటు అందుకే నిండింది. నేను పెట్టె తగిలించగానే గది మరుగున పడింది, విప్పగానే బయటపడింది.

"సూసినావా? అమ్మోరు తిరిగిచ్చీసింది," అంది అత్త.

నిజం చెబుదామని నోరు తెరిచాను. చెప్పాలంటే, అసలు ఫొటోల్ని తుడిచిన సంగతి దగ్గర మొదలుపెట్టాలి. ఎదురుగా ఎర్రయ్య చేతులు తెడ్డుల్లా ఉన్నాయి.

"అమ్మవారి దయ అత్తా," అన్నాను.

కనుక సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పెట్టె తగిలి ఉందో లేదో ముందు కనుక్కోకుండా ఒక్క ఫొటో కూడా నకలు తీయను. నకలు నిజంగా పెట్టెలోనే ఉందని మరో కంప్యూటర్ నుంచి చూడకుండా అసలు మీద చెయ్యి వెయ్యను. ఇక దసరాకి పెట్టె మేడెక్కదు, అత్తే హారతి పట్టుకుని గోడ దగ్గరికి దిగుతుంది. వైరు అంటుకోకుండా పక్కన నిలబడి ఊదడం నా వంతు.