పాదాలు వెచ్చబడినాయా?

మా సారు పోయారు. ఆ మాట మదనపల్లెకు నేనే చెప్పాల్సి వచ్చింది, కుప్పం ఆసుపత్రి వరండాలో నిలబడి, ఫోన్లో. ఆయన ఉద్యోగమంతా చేసిన ఆ ఐసీయూలో ఇప్పటికీ హెడ్ సిస్టర్‌గా ఉన్న అక్క ఫోన్ ఎత్తింది. నేను చెప్పింది విని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆఖర్న పాదాలు వెచ్చబడినాయా అమ్మా?"

నేను ఫోన్ పెట్టేశాను. మనిషి పోయాడంటే పాదాల సంగతి అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. అది అర్థం కావాలంటే మా సారును మీకు చూపించాలి.

నాది కుప్పం పక్కన శాంతిపురం. డాక్టరు చదువు ముగించి మదనపల్లెలో ఆయన కింద చేరిన కొత్తలో, ఒక పేషెంటు ముందు నిలబడి గొప్పగా చెప్పాను, "బీపీ బాగుంది సార్" అని. ఆయన మానిటర్ వైపు తల కూడా తిప్పలేదు. మంచం కాళ్ళ వైపుకు వెళ్ళి, దుప్పటి పైకి తీసి, పేషెంటు పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నారు.

"అంకె బాగుండాది. పాదాలు సూడు, రాయి మాదిరి సల్లగుండాయి. అంకె మందు చెప్పే మాటమ్మా. పాదం మనిషి చెప్పే మాట."

ఆ పేషెంటుకు సెప్సిస్. ఎక్కడో మొదలైన ఇన్ఫెక్షన్ ఒళ్ళంతటినీ అతలాకుతలం చేసే జబ్బు అది. రక్తనాళాలు పట్టు వదిలేస్తాయి, బీపీ పడిపోతుంది, కిడ్నీలకూ మెదడుకూ రక్తం చాలదు. యాంటీబయాటిక్ తన పని తాను చేస్తుంది, కానీ అది గెలిచేదాకా గుండెనూ రక్తనాళాలనూ ఎవరో ఒకరు నిలబెట్టాలి. ఆ పని నారడ్రినలిన్ అనే మందుది. మెడ దగ్గరి రక్తనాళంలోకి పంపుతో సన్నగా ఎక్కిస్తాం. అది నాళాలను బిగిస్తుంది. ఆ బిగింపు మరీ ఎక్కువైతే వేళ్ళకూ పాదాలకూ పోయే రక్తమే తగ్గిపోతుంది. తక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. ఈ రెంటి మధ్యన దారి వెతకడమే మా సారుకు తెలిసిన విద్య.

ఇదే సంగతి ఆయన టమోటా రైతులకు చెప్పే తీరు వేరు. "మోటారు గుండె. డ్రిప్పు పైపులు నరాలు. ఇప్పుడు పైపులు వదులైపోయినాయప్పా, సివరి సాలుకు నీళ్ళు ఎక్కడంలా. ఈ మందు పైపుల్ని బిగిస్తాది. సివరి సాలు తడిసిందా లేదా అనేది పాదాల కాడ తెలుస్తాది" అనేవారు. వాళ్ళు తలలూపేవాళ్ళు. నేను అదే సంగతి పుస్తకం భాషలో చెబితే దిక్కులు చూసేవాళ్ళు.

పేషెంటును ముట్టుకునే ముందు ఆయన అరచేతులు రెండూ రుద్దుకునేవారు. మదనపల్లె చలి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చల్లటి చేత్తో పట్టుకుంటే అందరి కాళ్ళూ వెచ్చగానే తోస్తాయని ఆయన వాదన. రౌండ్స్‌కు ముందు బయటి అంగట్లో టీ తెప్పించుకుని, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని నిలబడేవారు. టీ చల్లారిపోయేది. "సారు టీ తాగడు, చేతులు కాపుకుంటాడు. సగం ధర తీసుకోవాల" అని టీకొట్టాయన ఆటపట్టిస్తే నవ్వేవారు. ఆసుపత్రి లోపల మాత్రం నవ్వడం అరుదు. అంకె చూసి మందు పెంచిన జూనియర్‌ను నిలబెట్టి కడిగేసేవారు. "మందు పెంచేదానికి వేలు చాలు. తగ్గించేదానికి గుండె కావాల" అనే మాట నేను తిన్నన్నిసార్లు ఇంకెవరూ తిని ఉండరు.

పెద్దపంజాణి దగ్గర్నుంచి ఒక కుర్రరైతును తీసుకొచ్చారు ఒకసారి. కాలికి ముల్లు గీరుకున్న చోట చీము పట్టి, అక్కడి నుంచి సెప్సిస్. తండ్రి ఐసీయూ తలుపు దగ్గర కూలబడిపోయాడు. సారు ఆయన్ను లోపలికి పిలిచి, "మేము మందులు సూసుకుంటాం. నువ్వు ఈడ కూచోని పాదాలు పట్టుకోప్పా. వెచ్చబడితే సెప్పు" అన్నారు.

ఆ తండ్రి రెండడుగులు వెనక్కి వేశాడు. "నా వల్ల కాదు సామీ. పెద్దోళ్ళు కాళ్ళు పట్టుకుంటే బిడ్డకు ఆయుసు తగ్గుతాది. ఇంకేం సెప్పినా సేస్తా."

నాకు ఒళ్ళు మండింది. ఇలాంటప్పుడు కూడా ఈ నమ్మకాలేమిటి అనబోయాను. సారు కంటితోనే నన్ను ఆపారు. "సరేనప్పా. మీ ఇంట్లో వానికన్నా సిన్నోళ్ళు ఎవరుండారు?" అని అడిగారు.

చెల్లెలుంది. ఆ అమ్మాయి వచ్చి అన్న పాదాలు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ పొద్దంతా కదల్లేదు. నారడ్రినలిన్ ఒక్కటే చాలక వాసోప్రెసిన్ అనే రెండో మందు కలిపాం, స్టెరాయిడ్ ఇచ్చాం. మర్నాడు మధ్యాహ్నం, మేమంతా మానిటర్ వైపు చూస్తూ మాట్లాడుకుంటుంటే, "సార్! మా అన్న కాళ్ళు వెచ్చబడతాండాయి సార్!" అని అరిచింది. సారు చేతులు రుద్దుకుని వెళ్ళి పట్టుకుని చూశారు. అప్పుడు నవ్వారు. తిరిగి వచ్చి మందు ఒక్క మెట్టు తగ్గించారు.

అప్పట్నుంచి అది ఆ ఐసీయూలో ఆనవాయితీ అయిపోయింది. ఎవరు వచ్చినా వాళ్ళింట్లో చిన్నవాళ్ళకు పాదాల దగ్గర కుర్చీ. చిన్నోళ్ళ డ్యూటీ అనేవాళ్ళం. కోడళ్ళు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అందరూ ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చినవాళ్ళే, కొందరు నవ్వుతూ లేచినవాళ్ళు.

రిటైరయ్యాక సారు పుంగనూరులో సొంతింటికి చేరారు. పిల్లలు లేరు. ఆయనా, అమ్మా, అంతే. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. నేను కుప్పానికి మారాను. పొద్దున పూట ఎప్పుడైనా ఫోన్ చేసి, "నీ పేషెంట్ల పాదాలు ఎట్లుండాయమ్మా?" అని అడిగేవారు. ఎలా ఉన్నావని ఎప్పుడూ అడగలేదు. అదే ఆయన పలకరింపు.

ఆయనకు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. చలిజ్వరమే కదా అని రెండు రోజులు కప్పుకుని పడుకున్నారు. చలిజ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఊరందరికీ చెప్పిన మనిషి. ఆ రోజు పొద్దున కళ్ళు తిరుగుతుండగా కూడా రోజూ వేసుకునే బీపీ మాత్ర వేసుకున్నారట, అలవాటు కొద్దీ. అసలే పడిపోతున్న బీపీ ఇంకా పడిపోయింది. కారెక్కాక డ్రైవర్ మదనపల్లె దారి పట్టబోతే, వద్దు, కుప్పానికి పోనీ అన్నారట. దగ్గర్లో ఆయన చేతులతో నిలబెట్టిన ఐసీయూ ఉండగా, పలమనేరు మీదుగా అంత దూరం!

స్ట్రెచర్ మీద ఆయన్ను చూడగానే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "యాల సార్ ఇంత దూరం వచ్చినారు? మొదటి గంటలు పోగొట్టుకోకూడదని మాకు చెప్పిందెవరు?" అని అందరి ముందూ అరిచాను.

"ఆడ అందరికీ నేను సారును. నన్ను సూస్తే వాళ్ళ చేతులు వణుకుతాయి," అన్నారు ఆయాసపడుతూ. "నీకు భయం లేదు. నువ్వు కొట్లాడతావు."

నా చేతులు వణకలేదని ఎవరు చెప్పారు ఆయనకు?

కొట్లాడాను. యాంటీబయాటిక్, సెలైన్, నారడ్రినలిన్. చాలలేదు. వాసోప్రెసిన్. స్టెరాయిడ్. స్కాన్‌లో చూస్తే గుండె కూడా నీరసంగా కొట్టుకుంటోంది. దానికి బలమిచ్చే మందూ పెట్టాం. ఆయన నేర్పిన వరుసలో ఒక్కటీ తప్పలేదు. సాయంత్రానికి మానిటర్‌లో అంకె నిలబడింది. మా జూనియర్ డాక్టర్ సంతోషంగా నా వైపు చూసింది. నేను మంచం కాళ్ళ వైపుకు వెళ్ళాను. దుప్పటి తీయాలంటే భయమేసింది. మోకాళ్ళ మీద ఊదా రంగు మచ్చలు. పాదాలు చల్లగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆయన కళ్ళు తెరిచారు. నేను పంపు దగ్గర ఉన్నాను, ఇంకొక మెట్టు పెంచనా వద్దా అని. నన్ను చూసి పెదవులు కదిలించారు. వంగి విన్నాను.

"ఆ పంపు ఇంకెవరన్నా సూసుకుంటారు. మా ఇంట్లో సిన్నదానివి నువ్వేనమ్మా. పోయి కాళ్ళ కాడ కూచో."

జూనియర్‌కు మందులు అప్పజెప్పాను. అరచేతులు రుద్దుకున్నాను. కుర్చీ లాక్కుని ఆయన పాదాలు ఒడిలో పెట్టుకున్నాను. ఎంతోమందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను కానీ, అక్కడ కూర్చుంటే లోకం ఎలా కనిపిస్తుందో నాకు అంతవరకూ తెలియదు. అక్కడి నుంచి మానిటర్ కనపడదు. పాదాలే కనపడతాయి. వేళ్ళ కొసలు నల్లబడుతున్నాయి. వెచ్చబడండి అని బతిమాలుకున్నాను, చిన్నపిల్లలా, పైకే.

ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. జూనియర్ నా భుజం మీద చెయ్యి వేసింది. తలెత్తితే ఆమె కళ్ళనిండా నీళ్ళు. పంపులు ఆపేసి ఉన్నాయి. అయినా నేను చేతులు తీయలేదు.

అమ్మను లోపలికి తీసుకొచ్చారు. ఆమె ఆయన ముఖం నిమిరి, చొక్కా గుండీ సరిచేసింది. నెమ్మదిగా కాళ్ళ వైపుకు వచ్చింది. దండం పెట్టుకోవడానికని వంగితే నేను లేచి పక్కకు జరిగాను. ఆమె రెండు చేతులూ ఆయన పాదాల మీద పెట్టి, ఉలిక్కిపడి, నా వైపు ఆశగా చూసింది.

"వెచ్చగానే ఉండాయి కదమ్మా?"

అవి నా అరచేతులు వదిలిన వెచ్చదనం. అది నాకు తెలుసు. ఇంకాసేపట్లో అదీ ఉండదని తెలుసు.

"అవునమ్మా" అన్నాను. "పట్టుకోండి. గట్టిగా పట్టుకోండి."